ఎలుగుపిల్ల ఏమైంది?

నా నవలలో హంతకుడు దొరికాడు. అడవికి నిప్పు పెట్టింది ఎవరో తేలింది. ఆఖరి వారం కథ కింద ‘సమాప్తం’ అని అచ్చయింది. ఇక దాంతో నాకు పని లేదనుకుని కొత్త కథ ఆలోచిస్తున్న రోజుల్లో, పాలు పోసే ఒకాయన మోపెడ్ ఆపి నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

అప్పట్లో మేం అత్తాపూర్‌లో ఉండేవాళ్ళం. మాది కోస్తా. పెళ్ళయ్యాక ఉద్యోగాల కోసం హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు మొదలయ్యాక, సరుకులు పంపే ఒక చిన్న కంపెనీలో నాకు గుమస్తా పని దొరికింది. పొద్దున్నే ఆఫీసు వ్యాన్ మా ఇంటి దగ్గర ఎక్కించుకుని, వంతెన రోడ్డు మీదుగా కార్గో గేటు దగ్గర దింపేది. వ్యాన్‌లో సగం మంది నిద్రపోతుంటే నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసుకునేదాన్ని.

నాకు అపరాధ పరిశోధన కథలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఒక వారపత్రిక నా నవల వేసుకుంటానంది, కానీ ఎడిటరు గారు మగ పేరు పెట్టుకోమన్నారు. “ఆడవాళ్ళు రాసిన హత్యలు జనం నమ్మరమ్మా,” అని ఫోన్‌లో నవ్వారు. సరే, పెట్టుకున్నాను. ఆ నవల పొడుగునా మంటలే. ఎండాకాలం అడవి కాలిపోతుంది. బూడిదలో ఒక అటవీ అధికారి శవం దొరుకుతుంది. మంటల్లో చిక్కుకుని చనిపోయాడని అందరూ అనుకుంటారు. గాయపడ్డ జంతువులకు వైద్యం చెయ్యడానికి వచ్చిన పశువుల డాక్టరమ్మ మాత్రం ఆయన మంటలకు ముందే చనిపోయాడని కనిపెడుతుంది. తునికాకు కాంట్రాక్టరు ముసుగులో జంతువుల తోళ్ళు అమ్ముకునేవాడే ఆయన్ని చంపి, ఆనవాలు దొరక్కుండా అడవి తగలబెట్టాడన్నమాట.

మొదటి వారాల్లోనే ఆ డాక్టరమ్మకు వాగు పక్కన కాళ్ళు కాలిన ఒక ఎలుగుబంటి పిల్ల దొరుకుతుంది. దాన్ని గోనెసంచిలో చుట్టి ఫారెస్టు బంగళాకు తెచ్చి, వరండాలో గంప కింద పెడుతుంది. చదివేవాళ్ళ మనసు కరగాలని రాశాను. తరువాత దాని సంగతి తీరిగ్గా చూద్దామనుకున్నాను. ఈలోగా ఎడిటరు గారు ఫోన్ చేసి, పండగ సంచికకు పెద్దవాళ్ళ నవల ఏదో వస్తోందనీ, నాది తొందరగా ముగించమనీ అన్నారు. హంతకుణ్ణి పట్టించేసరికే చోటు సరిపోయింది. ఎలుగుపిల్ల గంప కిందే ఉండిపోయింది.

కార్గో గేటు బయట ఒక టీ బండి ఉండేది. బండి నడిపే ఆవిడ ఆ వారపత్రిక తెప్పించేది. రాసేది నేనేనని ఆవిడకు తెలుసు, ఎవరికీ చెప్పొద్దని అడిగాను, ఆవిడ అందరికీ చెప్పింది. ఆ రోజు నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటే, పాల క్యాన్లు కట్టిన మోపెడ్ వచ్చి ఆగింది. యాభై ఏళ్ళుంటాయి ఆయనకి. తలకు తువాలు. టీ ఆవిడ నా వైపు చూపించి ఏదో అంది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“మీరేనా అమ్మా రాసేది? నేను మొగాయన అనుకున్న.”

“నేనేనండీ.”

“అయితే జర ఒక మాట చెప్పుండ్రి. గా గుడ్డెలుగు పిల్ల ఏమైంది?”

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. “అది కథ కదండీ. పత్రికలో చోటు చాలక వదిలేశాను,” అన్నాను.

ఆయన నవ్వలేదు. “నా బిడ్డ అడగమన్నది,” అన్నాడు.

అప్పుడు చెప్పాడు. రావిర్యాల అవతల చిన్న ఊరు వాళ్ళది. తాతల నాటి నుంచీ వ్యవసాయం. ఉన్న భూమిలో సగం రోడ్లకూ ఫ్యాక్టరీ స్థలాలకూ పోతే, మిగిలిన చెక్కలో గడ్డి పెంచి పాడి మీద బతుకుతున్నారు. ఒక్కతే కూతురు, శంషాబాద్‌లో డిగ్రీ చదువుతుండేది. ఆ ఎండాకాలం ఈదురుగాలికి కరెంటు తీగలు రాసుకుని రవ్వలు పడి, పక్కవాళ్ళ గడ్డివాము అంటుకుంది. వాము పక్కనే వీళ్ళ కొట్టం. ఆవును విప్పేశారు గానీ లేగదూడ లోపల ఉండిపోయింది. ఈ పిల్ల లోపలికి ఉరికింది. దూడ తాడు ముడి బిగుసుకుపోయి రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని విప్పుతుండగా పైనుంచి కాలుతున్న గడ్డి పడింది. దూడ బయటికి వచ్చింది. పిల్ల కూడా వచ్చింది, కానీ రెండు చేతులూ, ఒక కాలూ కాలిపోయాయి. చాలా రోజులు దవాఖానలో ఉండి ఇంటికొచ్చింది.

“చేతులకు కట్లు. పుస్తకం పట్టరాదు. నాకు వచ్చిన కాడికి నేనే సదివి వినిపిస్త. మీ కథ ఒక్క వారం ఇడిసిపెట్టలే. ఆఖరుకు దొంగ దొరికిండని నేను ఖుషీ అయితే, ‘బాపూ, ఎలుగుపిల్ల గంప కిందనే ఉన్నది గద’ అన్నది. నాకేం చెప్పాల్నో తెల్వలే.”

నేను టీ గ్లాసు బండి మీద పెట్టేశాను. “బతికిందని చెప్పండి. డాక్టరమ్మ మందు రాసింది, బతికిపోయింది,” అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళాడు. మర్నాడు నేను వ్యాన్ దిగేసరికి టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఎట్ల బతికిందని అడుగుతున్నది. ఊకెనే బతికిందంటే ఒప్పుకోదట. డాక్టరమ్మ సాక్ష్యం చెప్పనీకి పట్నం పోయింది గద, గప్పుడు దానికి పాలు ఎవరు పోసిన్రు?”

నిజమే. నేను రాసిన కథలో కోర్టు సన్నివేశమంతా డాక్టరమ్మ పట్నంలోనే ఉంది. బంగళా వాచ్‌మన్ పోశాడని చెప్పి పంపాను. ఆ మర్నాడు ఇంకో ప్రశ్న వచ్చింది. వాచ్‌మన్ హంతకుడి మనిషి కదా, వాడెందుకు పోస్తాడని. ఆ వారమంతా ఇదే సాగింది. నేనొక సమాధానం చెప్పడం, అది పాల క్యాన్లతో పాటు ఊరికి వెళ్ళడం, పగిలిపోయి తిరిగి రావడం. హంతకుణ్ణి పట్టించిన నా డాక్టరమ్మ కంటే ఆ పిల్లే నయమనిపించింది. టీ ఆవిడ కూడా పందెంలో దిగింది. ఎలుగుపిల్లను జూకి పంపారని రాసెయ్యమంది.

చివరికి ఆయన చేతులు జోడించాడు. “నడిమిట్ల నాకు మతిపోతున్నది అమ్మా. ఇగ మీరే రాండ్రి ఒకసారి.”

ఆదివారం వెళ్ళాను. రావిర్యాల దాటాక దారికి రెండు వైపులా గోడలు కట్టిన ఖాళీ స్థలాలు, వాటి మధ్య అక్కడక్కడా పచ్చగడ్డి మడులు. వాళ్ళ ఇల్లు ఊరి చివర. గుమ్మం ముందు కొత్త కొట్టం, అందులో ఆ దూడ. అది కాస్త ఎదిగింది, నా చీర కొంగు నమలడానికి చూసింది.

తల్లి మంచినీళ్ళిచ్చి, “మీదే ఊరమ్మా?” అంది. కోస్తా అని చెప్పాను. ప్రత్యేక తెలంగాణ కోసం తరచూ బందులు జరుగుతున్న రోజులవి. ఆవిడ మొహం కాస్త బిగిసింది. లోపలి గదిలోంచి మాట వినబడింది.

“అమ్మా, గుడ్డెలుగుకు ఏ జిల్లా ఉంటది? లోపలికి రానియ్యి.”

తల్లి నవ్వేసింది. నేనూ నవ్వాను.

ఆ అమ్మాయి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎండాకాలం పోకపోయినా పొడుగు చేతుల కుర్తా, కాళ్ళ మీద దుప్పటి. గదిలో గోడకు ఒక మేకు, దాని చుట్టూ తెల్లని గుండ్రటి మరక. అద్దం తీసేశారని తెలుస్తోంది. ముఖం మీద ఒక్క గాయం కూడా లేదు, అయినా తీయించిందట. కాలు చాపించే కసరత్తులు చెయ్యాలని డాక్టర్లు చెప్పారనీ, నొప్పికి ఓర్వలేక మానేసిందనీ, మోకాలి వెనక తోలు ముడుచుకుపోతోందనీ తల్లి వాకిట్లోనే నాకు చెప్పింది.

“కూసో అక్కా,” అంది ఆ అమ్మాయి. మేడమ్ అనలేదు. నాకది బాగుంది.

“మంటలు మంచిగ రాసినవ్. కానీ సప్పుడు రాయలే.”

“చప్పుడా?”

“మంటను చూస్తే నాకు భయం కాలే. సప్పుడుకు అయింది. రేకుల మీద వాన పడ్డట్టు ఉంటది, కానీ వాన కాదని తెలుస్తుంటది. ఎలుగుపిల్ల వాగు కాడ మూలుగుతుందని రాసినవ్ గద? అది మూలగదు అక్కా. గప్పుడు గొంతు రాదు. నేను ఏడ్వలే. దవాఖానల ఏడ్సిన.”

తనే మళ్ళీ అడిగింది. “తోలు మానినంక గుంజుకపోతది. మరి కాళ్ళు గుంజుకపోతే అది చెట్టెట్ల ఎక్కుతది? చెట్టెక్కకుంటే ఏం తింటది? బతికిందని మా బాపుతోని చెప్పి పంపినవ్. గట్లెట్ల బతుకుతది?”

వారం రోజులుగా నేను అల్లిన సమాధానాలన్నీ ఆ గదిలో పనికిరాకుండా పోయాయి. “నాకు తెలియదమ్మా,” అన్నాను.

ఆ పిల్ల నన్ను కొత్తగా చూసింది. “తెల్వదంటే మంచిగున్నది. ఇంటికొచ్చినోళ్ళందరు అన్నీ తెలిసినట్టే మాట్లాడుతరు. అంతా మంచిగైతదంటరు. ఏం మంచిగైతదో చెప్పరు.”

“తెలుసుకుని వస్తాను,” అన్నాను.

మా ఆయన ఆఫీసులో ఒకాయనకు బాబాయి వరసయ్యే పశువైద్యుడు హిమాయత్ సాగర్ వైపు ఉంటారని తెలిసింది. అడవి జంతువులకు చాలాకాలం వైద్యం చేసి రిటైరైన మనిషి. ఒక సాయంత్రం వెళ్ళి అడిగాను. నవల కోసమని చెబితే ఆయన సరదా పడ్డారు. పాదాల కింది మెత్తలు కాలితే మళ్ళీ వస్తాయిట, కానీ నెమ్మదిగా. కట్టు కడితే ఊరుకోదు, పీకేస్తుంది. నొప్పని నడవడం మానేస్తే కాళ్ళు బిగుసుకుపోతాయి గనక తడి ఇసుక పోసి, కర్రకు తేనె రాసి ముందు పట్టుకుని నడిపిస్తారట.

“అన్నీ బతుకుతాయా?” అని అడిగాను.

“లేదమ్మా. కొన్ని పోతాయి. బతికినవాటిలోనూ కొన్ని మళ్ళీ అడవికి పోలేవు,” అన్నారాయన.

మరుసటి ఆదివారం ఉన్నదున్నట్టు చెప్పాను. కొన్ని పోతాయన్నది కూడా దాచలేదు. తను కళ్ళార్పకుండా విన్నది. తడి ఇసుక మాట వచ్చేసరికి ఒక్కసారిగా మొహం మారిపోయింది.

“మా బాపు చెప్పిండా నీకు? నన్ను నడిపియ్యమని?”

“లేదమ్మా, నిజంగా డాక్టరుగారే...”

“తేనె రాస్తరా నాకు గూడ? కథలు చెప్పి నడిపిద్దామని వచ్చినవా? పో అక్కా.”

గోడ వైపు తిరిగి పడుకుంది. తల్లి నన్ను గేటు దాకా సాగనంపుతూ, “జర కోపమెక్కువ, ఏమనుకోకుండ్రి. ఇంతకుముందు గిట్ల ఉండకపోయేది,” అని కళ్ళు తుడుచుకుంది. తిరుగు దారిలో నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల మాట పూర్తిగా తప్పూ కాదు. ఎలుగుపిల్ల గురించి చెబుతున్నప్పుడు నా కళ్ళు దుప్పటి కింద ఉన్న కాలి వైపే పోతున్నాయి.

తరువాత కొన్నాళ్ళు ఆయన టీ బండి దగ్గర కనిపించలేదు. ఒకటి రెండు రోజులు బందు వల్ల వ్యాన్లు నడవలేదు, ఆఫీసుకే పోలేదు. పాలు ఎవరో వేరేవాళ్ళు పోసి వెళుతున్నారని టీ ఆవిడ చెప్పింది. నేను కొత్త నవల మొదలుపెట్టాను గానీ కలం సాగలేదు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున మోపెడ్ వచ్చింది. ఆయన నవ్వుతున్నాడు.

“తేనె వద్దన్నదమ్మా నా బిడ్డ. బంగళాల ఒక కుక్కను పెట్టమన్నది.”

“కుక్కా?”

“అవు. బంగళా కాడ సల్లటి బండ ఉంటదట. కుక్క దాని మీద పండుకుంటదట. ఎలుగుపిల్ల గంప కిందినుంచి చూస్తదట. ఆ బండ మీదికి పోవాలె అనిపించి, దానంతట అదే లేస్తదట. ఎవ్వరు తేనె చూపియ్యొద్దట. గట్ల రాయమన్నది. మీరొస్తే కూసొని చెప్తదట.”

అలా ఒక అధ్యాయం మొదలైంది. వర్షాకాలమంతా ఆదివారాలు వెళ్ళేదాన్ని. తను చెప్పేది, నేను రాసేదాన్ని. చాలా కఠినమైన రచయిత్రి. నేను ఎక్కడైనా కన్నీళ్ళు కలిపితే తీసేయించేది. “పాపం అని రాసినవా? కొట్టెయ్. పాపం అంటే దానికి నొప్పి తగ్గుతదా?” అనేది. కుక్క మొదట ఎలుగుపిల్లను చూసి మొరుగుతుందనీ, స్నేహం అంత తొందరగా కుదరదనీ చెప్పింది. కొన్నిసార్లు మధ్యలో పోట్లాడుకునేవాళ్ళం. హంతకుణ్ణి బోనెక్కించిన సన్నివేశం కంటే ఈ కుక్క సంగతి మీద నాకు ఎక్కువ శ్రమ అయింది.

ఆ మధ్యలోనే కసరత్తులు మళ్ళీ మొదలుపెట్టింది. ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక ఆదివారం వెళ్ళేసరికి మంచం మీద కాక గడప మీద కూర్చుని ఉంది, అంతే.

అధ్యాయం చివర్లో ఎలుగుపిల్ల కాలిన అడవిని చూడడానికి వెళ్ళాలి. అక్కడ ఇద్దరం ఆగిపోయాం. కాలిపోయిన చోట వానలు పడితే ఏముంటుంది? నేను పచ్చగా చిగురించిందని రాయబోయాను. తను ఒప్పుకోలేదు.

“మా ఊరి ఎన్కల గుట్ట గూడ ఎండకాలం కాలింది. పోయి చూద్దాం.”

తల్లి వద్దంది. తండ్రి నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. తను అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. పొడుగు చేతుల కుర్తానే, కానీ తల మీద చున్నీ లేదు, ముఖానికి గుడ్డ లేదు. ఊరి మధ్య నుంచి నడిచాం. కాలు ఇంకా పూర్తిగా సాగదు, అడుగడుగుకీ ఒక పక్కకు వాలుతుంది. తండ్రి వెనక మోపెడ్ నడిపించుకుంటూ వచ్చాడు, అలిసిపోతే ఎక్కించుకుందామని. అరుగుల మీద ఆడవాళ్ళు మాటలు ఆపి చూశారు. ఒకావిడ మాత్రం “ఏంది బిడ్డా, గిప్పుడా బయటికి వచ్చుడు? నీ కోసం ఎన్నిసార్లొచ్చిన,” అని తిట్టినట్టే పలకరించింది. ఈ పిల్ల, “వస్త పెద్దమ్మా, పనున్నది,” అంటూ ఆగకుండా నడిచింది.

గుట్ట పెద్దదేం కాదు. రాళ్ళ మధ్య సీతాఫలం పొదలు, బోద గడ్డి. కాలిన పొదల మొదళ్ళు నల్లగానే ఉన్నాయి. నేననుకున్నట్టు అంతా పచ్చబడలేదు. కొన్ని మొదళ్ళ పక్కన ఎర్రటి లేత ఆకులు, కొన్నిటికి ఏమీ లేవు. ఒక బండ కింద తాబేలు చిప్ప, కాలి తెల్లబడిపోయినది, ఖాళీగా పడి ఉంది. తను వంగి దాన్ని చాలాసేపు చూసింది. నేను తప్పు చేశానా, ఇక్కడికి రానివ్వకుండా ఉండాల్సిందా అనిపించింది. అంతలో గడ్డిలోంచి కౌజుపిట్టలు బుర్రుమని లేచాయి. ఇద్దరం అదిరిపడ్డాం. తండ్రి మోపెడ్ వదిలేశాడు, అది పక్కకు పడింది. తను పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వినగానే ఆయన మోపెడ్ లేపడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడిపోయాడు.

బండ మీద కూర్చున్నాం. ఒక విమానం కిందికి దిగుతూ మా మీదుగా పోయింది. అది పోయాక తను అంది:

“రెండూ రాయి అక్కా. చిప్ప గూడ, పిట్టలు గూడ.”

రెండూ రాశాను. మా అధ్యాయంలో ఎలుగుపిల్ల బతికింది. చెట్టెక్కలేదు. బంగళా వెనక పుట్టలు తవ్వుకుని చెదలు తింటూ, కుక్కతో పోట్లాడుతూ అక్కడే ఉండిపోయింది. అడవికి తిరిగి పంపుదామని నేను చివరి దాకా బతిమాలాను. ఆమె వినలేదు. “అక్కడ ఉండుడు గూడ బతుకుడే గద,” అంది.

తరువాతి ఏడాది మోకాలికి ఇంకో ఆపరేషన్ జరిగింది. కాలు చాలావరకు చాపగలిగింది. వదిలేసిన డిగ్రీ పూర్తి చేసి, వాళ్ళ ఊరి దగ్గరలోనే పాల సేకరణ కేంద్రంలో చేరింది. పొట్టి చేతుల కుర్తా వేసుకోవడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. వేసుకున్న రోజు నాకు ఫోన్ చేసి, వేరే ఏదో మాట్లాడి, చివర్లో ఆ సంగతి చెప్పి పెట్టేసింది.

ఆ నవల పుస్తకంగా వచ్చేసరికి మరో రెండేళ్ళు గడిచాయి. ప్రచురణకర్త ఆఖరి అధ్యాయం వద్దన్నాడు. హంతకుడు దొరికాక ఇంకా కథేమిటన్నాడు. అది లేకపోతే పుస్తకమే వద్దని నేనన్నాను. గొణుగుతూ ఒప్పుకున్నాడు. ఈసారి నా పేరే వేయించాను. రెండో పేరుగా తనది వేద్దామంటే తనే ఒప్పుకోలేదు. “ఊర్ల అందరు అడుగుతరు, పరేషాన్,” అంది.

పుస్తకం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గోడకు అద్దం తిరిగి వచ్చింది. తల్లి చెయ్యి తుడుచుకుని పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. తండ్రి కళ్ళజోడు వెతుక్కోవడానికి లేచాడు. తను అట్ట చూసి కనుబొమలు ముడిచింది. అట్ట మీద మంటలు, మంటల్లోంచి నోరు తెరిచి దూకుతున్న పెద్దపులి.

“దీంట్ల పులేడున్నది అక్కా?”

“లేదమ్మా. పులి ఉంటే అమ్ముడుపోతుందని ఆయన వేసేశాడు.”

“మరి చదివేటోళ్ళు అడగరా?” అంది.

అడుగుతారనే అన్నాను. తను పుస్తకం తెరిచి, నేరుగా ఆఖరి అధ్యాయానికి వెళ్ళి, తల్లికి పెద్దగా చదివి వినిపించడం మొదలుపెట్టింది. తండ్రి కళ్ళజోడు దొరికి వచ్చేసరికి కథ కుక్క మొరిగే చోటికి వచ్చింది. ఆయన గుమ్మం దగ్గరే కూర్చుని, ఈసారి తాను వినసాగాడు.